టోపీ చప్పుడు

చిల్పూర్ గుట్ట కింద మక్కచేలు కంకి పట్టే రోజుల్లో హసన్ బీ తెల్లవారగానే మంచె ఎక్కుతుంది. భుజాన తుపాకి. నడుముకు రెండు సంచులు, ఒకదానిలో తుపాకిమందు, మరోదానిలో కొబ్బరి పీచు. తుపాకిని పేల్చే చిన్న రాగి టోపీలున్న రేకు డబ్బీని మాత్రం రవిక లోపల పెట్టుకుంటుంది. ఒంటి వేడి తగులుతుంటే వాటికి చెమ్మ చేరదని ఆమె నమ్మకం.

గుట్ట మీద వెంకటేశ్వరస్వామి గుడి ఉంది. గుడి చుట్టూ కోతులున్నాయి. కొబ్బరి ముక్కలు తక్కువైన రోజున అవి బండల మీదుగా చేలలోకి దిగుతాయి. కంకి విరిచి, నాలుగు గింజలు కొరికి, పారేసి, పక్క కంకి అందుకుంటాయి. తినేదానికంటే పాడుచేసేది ఎక్కువ. అయినా వాటిని చంపుదామని ఈ ఊళ్లో ఎవరూ అనరు. అందుకే హసన్ బీ తుపాకిలో గుండు ఉండదు. మందు, దాని మీద పీచు, అంతే. పేలితే చప్పుడు వస్తుంది. ఆ చప్పుడుకు బదులుగా రైతులు పంట తీశాక ఆమె ఇంటికి మక్కలు పంపుతారు. ఆమె ఏడాది వాటి మీదే గడుస్తుంది.

తుపాకి ఆమె మామది. మామ తర్వాత భర్త ఖాసింది. పంట కాపలాకని ఇచ్చిన లైసెన్స్ అది. ఖాసిం జ్వరంతో పోయాక ఆమె పేరు మీదికి మారింది. అంతకుముందు ఊరికి ఆమె ఖాసిం పెండ్లాం. ఆ తర్వాత తుపాకి బీ. దారిలో ఎదురైనవాళ్లు పక్కకు తప్పుకోవడం కూడా అప్పటినుంచే మొదలైంది.

అది మూతితో తిని మూతితోనే మాట్లాడే తుపాకి. గొట్టం నోట్లో మందు పోయాలి, పీచు కుక్కాలి, కడ్డీతో అదమాలి. గొట్టం మొదట్లో సన్నని రంధ్రమున్న ఇనుప ముక్కు ఉంటుంది. ఆ ముక్కుకు రాగి టోపీ తొడగాలి. టోపీ కందిగింజంత. మీట నొక్కితే వెనక నిలబడ్డ ఇనుప కొక్కెం దాని మీద పడుతుంది. ఆ కొక్కేన్ని ఖాసిం ఘోడా అనేవాడు. ఘోడా పడితే టోపీ పేలుతుంది. నిప్పు రంధ్రంలో నుంచి పోయి మందుకు అంటుకుంటుంది.

టప్ మని టోపీ. ధన్ మని తుపాకి.

"రెండు చప్పుళ్లు ఒక్కటై వినవడాలె" అని పెళ్లయిన కొత్తలో ఖాసిం ఆమెకు చెప్పాడు. "నడుమ సందు వినవడ్డదనుకో, ఆ టోపీని నమ్మకు. దాని అన్నదమ్ములను గూడ నమ్మకు."

టోపీల తీరు ఆమె అలా నేర్చుకుంది. మంచి టోపీ పేలగానే తుపాకి పలుకుతుంది. చచ్చిన టోపీ మీద ఘోడా పడితే ఇనుము మోగుతుందే తప్ప ఏమీ కాదు. ఇంకొక రకం ఉంటుంది. టోపీ పేలుతుంది, తుపాకి పలకదు. నిప్పు రంధ్రంలో ఎక్కడో ఆగి ఉంటుంది. చెమ్మ తగిలిన మందును మెల్లగా కొరుకుతూ ఉంటుంది. కాసేపటికి, మనిషి మరిచిపోయాక, పలుకుతుంది.

మానుకోట దిక్కున ఖాసిం మేనమామ ఒకాయన ఉండేవాడు. పలకని తుపాకిని దించి, ఏమైందోనని లోపలికి చూశాడు. ఇంటికి తెచ్చినప్పుడు ముఖం మీద బట్ట తీయనివ్వలేదు.

అందుకని ఖాసిం ఒక పద్ధతి పెట్టాడు. టోపీ పేలి తుపాకి పలకకపోతే గొట్టాన్ని ఆకాశం వైపే ఉంచాలి. ఖురాన్ మొదట్లో వచ్చే ఫాతిహా సూరా నిదానంగా చదవాలి. ముగిశాక మళ్లీ మొదటినుంచి. మనసులో తొందర పోయేదాకా చదవాలి. అప్పుడు దించాలి. పైకెత్తిన తుపాకితో, కదిలే పెదవులతో మంచె మీద నిలబడ్డ హసన్ బీని చూసి చేలల్లో ఆడవాళ్లు నవ్వుకునేవారు.

"బీ తుపాకికి జ్వరమొచ్చినట్టుంది. మంత్రమేస్తాంది" అనేవారు.

ఆమె కూడా నవ్వేది. తుపాకిని మాత్రం దించేది కాదు.

చెవులు పోవడం ఆమెకు మొదట తెలియలేదు. పోయినవన్నీ సన్నని చప్పుళ్లు. పొయ్యి మీద పాలు పొంగే చప్పుడు. మనుమరాలు ఉజ్మా కాళ్ల పట్టీలు. ఫోను మోత. ట్రాక్టరు వినబడేది, ఉరుము వినబడేది, పెళ్లి డప్పు వినబడేది. అందుకే అంతా వినబడుతోందనే అనుకుంది.

ఒకరోజు మంచె మీద మీట నొక్కితే తుపాకి టోపీ లేకుండానే పేలినట్టు అనిపించింది. ధన్ మనడం వినబడింది. దానికి ముందు రావలసింది రాలేదు. రెండు చప్పుళ్లు బాగా కలిసిపోయాయి కాబోలు, టోపీ మంచిది అనుకుంది. తర్వాతి టోపీ కూడా అంతే మంచిదనిపించింది. ఆ తర్వాతిదీ అంతే. ఇన్ని మంచి టోపీలు ఒక డబ్బీలో ఉండవని ఆమెకు తెలుసు. తెలిసి, మంచె మీద కూర్చుండిపోయింది.

ఎవరికీ చెప్పలేదు. లైసెన్స్ మళ్లీ రాయించుకోవాలంటే డాక్టర్ కాగితం కావాలి. చెవులు లేని మనిషికి తుపాకి ఎవరు ఇస్తారు? తుపాకి పోతే మక్కలు పోతాయి. పత్తి ఏరడానికి కూలికి పోవాలి. ఆమె నడుము పత్తి చేనులో ఒక పూట కూడా నిలవదు. దారిలో తప్పుకునేవాళ్లు కూడా ఇక తప్పుకోరు.

పక్క మంచె మీద బుచ్చవ్వ ఉంటుంది. హసన్ బీ కంటే పెద్దది. ఒడిసెలతో రాళ్లు విసిరి చిలుకలను కొడుతుంది. చెవుల సంగతి కనిపెట్టింది ఆమే. ఒక పొద్దున ఘోడా పడింది, తుపాకి పలకలేదు. హసన్ బీ గొట్టాన్ని పైకి పట్టి ఫాతిహా చదువుతూనే ఉంది. ఎండ నెత్తి మీదికి వస్తోంది. బుచ్చవ్వ మంచె దిగి వచ్చి, కింద నిలబడి, చేయి ఊపింది.

"ఓ బీ! ఏందే, బువ్వ ఏళ దాక గట్లనే మోస్తవా?"

హసన్ బీ ఆమె పెదవుల వైపు చూసింది. "పేలుతదేమో అక్కా."

"ఏం పేలుతది? టోపీనే పేల్లే. ఊకె ఇనుము మోగింది. గంత దూరం నాకే వినవడ్డది, నీకు వినవళ్లేదా?"

బుచ్చవ్వ కాసేపు ఆమెనే చూసింది. నిచ్చెన ఎక్కి వచ్చి పక్కన కూర్చుంది.

"ఎన్నొద్దుల సంది?"

"ఎవ్వరికి చెప్పకు అక్కా. నీ కాళ్లు మొక్కుత."

"చల్. నా నోట్ల పండ్లే నిలుస్తలేవు, మాట ఏడ నిలుస్తది?" అని బుచ్చవ్వ బోసినోటితో నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, హసన్ బీ మోకాలి మీద చేయి వేసింది. "ఎవ్వరికి చెప్ప తియ్యి."

అప్పటినుంచి వాళ్లిద్దరి మధ్య ఒక ఏర్పాటు సాగింది. ఘోడా పడి తుపాకి పలకకపోతే హసన్ బీ పక్క మంచె వైపు చూసేది. టోపీ పేలి ఉంటే బుచ్చవ్వ చేయి ఎత్తేది. పేలకపోతే తల అడ్డంగా ఊపేది. చేయి లేస్తే ఫాతిహా. తల ఊగితే మరో టోపీ. ఆ ఏడాది పంట అలా గడిచింది.

ఈ ఏడాది టోపీలు దొరకడం కష్టమైంది. ఖాసిం అన్న కొడుకు ఇంతియాజ్ కేసముద్రం మార్కెట్ యార్డులో లారీలకు మూటలెత్తుతాడు. అక్కడ పాత లైసెన్స్ ఉన్న ఒక ముసలాయన దగ్గర మిగిలిన డబ్బీని తెచ్చి ఇచ్చాడు. మూత తీస్తే రాగి మీద ఆకుపచ్చ చిలుము. హసన్ బీ వాటిని ఎండలో ఆరబెట్టింది. ఆరినా వాటి బుద్ధి మారలేదు. కొన్ని పేలేవి కావు. కొన్ని పేలి ఊరుకునేవి. బుచ్చవ్వ చేయి ఎక్కువసార్లు లేవడం మొదలైంది. రెండుసార్లు, చేయి లేచిన చాలాసేపటికి, ఫాతిహా మధ్యలో తుపాకి పలికింది. పొగ ఆకాశంలోకి పోయింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నవ్వలేదు.

ముసురు పట్టిన వారంలో బుచ్చవ్వకు జ్వరం వచ్చింది. కొడుకు నరేశ్ ఆమెను జనగామ దవాఖానకు తీసుకుపోయాడు. పక్క మంచె ఖాళీ అయింది.

హసన్ బీ మానేయవలసింది. జ్వరమనో నొప్పులనో చెప్పి ఇంట్లో ఉండవలసింది. కాని ఆ వారమే కోతులు గుంపుగా దిగాయి. ఓదెలు చేనులో ఒక మూల కంకులన్నీ నేలకు పడ్డాయి. ఓదెలుది కౌలు చేను. భార్య పుట్టిల్లు భూపాలపల్లి అడవుల దగ్గర. బామ్మర్దులతో కలిసి వేటకు తిరిగిన మనిషి, తుపాకుల గురించి తనకు తెలియనిది లేదని అంటాడు. పొద్దున్నే ఆమె వాకిట్లోకి వచ్చాడు.

"బీ, కోతులకు నా చేనే కనవడ్డదా, నీకు నా చేనే కనవడ్తలేదా?"

ఆమెకు సగమే అందింది. కోపం మొత్తం అందింది. తుపాకి తీసుకుని అతని వెంట నడిచింది.

వాన అప్పుడే ఆగింది. మంచె కప్పు నుంచి నీళ్లు కారుతున్నాయి. ఓదెలు గట్టు మీదికి పోయి రాళ్లు విసురుతున్నాడు. మొదటి టోపీ పనిచేసింది. కోతులు బండల దాకా వెనక్కి పోయి, ఆగి, కూర్చున్నాయి. పెద్ద మగకోతి ఒకటి చేను వైపే తిరిగి కూర్చుంది. ఆమె మళ్లీ మందు పోసింది, పీచు కుక్కింది, టోపీ తొడిగింది. ఎత్తి నొక్కింది.

ఘోడా పడింది. భుజానికి దెబ్బ తగల్లేదు. అంతకుమించి ఆమెకు ఏమీ తెలియలేదు.

అలవాటుగా పక్క మంచె వైపు చూసింది. తడిసిన కట్టెలు, ఎవరూ లేని కప్పు. తుపాకిని పైకే ఉంచి టోపీని చూసింది. కళ్లద్దాల మీద ఆవిరి పట్టింది. కొంగుతో తుడుచుకుని మళ్లీ చూసింది. పేలిన టోపీ మామూలుగా పువ్వులా విచ్చుకుంటుంది. ఇది విచ్చుకోలేదు. అణిగిపోయి, ఒకవైపు మాత్రం పగిలింది. పేలి పగిలిందో దెబ్బకే పగిలిందో తెలియడం లేదు. వాసన చూసింది. తడిగాలిలో ఇందాకటి పొగ ఇంకా పోలేదు.

ఫాతిహా మొదలుపెట్టింది.

ముగియకముందే మంచె కదిలింది. ఓదెలు నిచ్చెన ఎక్కి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. అతని పెదవులు కదిలాయి. మళ్లీ కదిలాయి.

"ఏమైంది అంటున్న! టోపీ పేలిందా, పేల్లేదా?"

ఈసారి ఆమెకు అర్థమైంది. అతను గట్టు మీద అరుస్తూ రాళ్లు విసురుతున్నాడు కాబట్టి అతనూ వినలేదు. తెలియాల్సింది ఆమెకు. తెలియదని చెబితే ఎందుకు తెలియదని అడుగుతాడు. తర్వాత ఊరు అడుగుతుంది. తర్వాత పోలీస్ స్టేషన్ నుంచి మనిషి వస్తాడు.

"పేల్లే" అంది హసన్ బీ.

"మరి ఏం చూస్తున్నవ్ కోడిపెట్ట లెక్క? ముక్కు మూస్కపోయింటది. ఇటు తే."

అతను తుపాకిని లాగాడు. ఆమె ఒక క్షణం వదల్లేదు. ఎందుకు వదలడం లేదో చెప్పలేక వదిలేసింది. ఓదెలు ఘోడాను వెనక్కి లాగి పట్టాడు. అణిగిన టోపీని గోటితో గిల్లి కింద పారేశాడు.

"టోపీ తీసినంక ఇది కట్టె" అన్నాడు. "మా బామ్మర్దులు గిట్లనే చేస్తరు. ఒక్క ఊదు ఊదితె దారి సాఫ్ అయితది."

తుపాకి మడమను మంచె మీద ఆనించాడు. మూతిని తన నోటి దగ్గరికి వంచుకున్నాడు. బుగ్గలు పూరించాడు.

"పేలిందో లేదో నాకు తెల్వది!" ఆమె అరిచింది. తన అరుపు తనకు చాలా దూరం నుంచి వచ్చింది. "నాకు వినవడది! నాకు చెవులు లేవు ఓదెలూ!"

అతను నోరు తీసి ఆమె వైపు తిరిగాడు. ఏం చెబుతున్నదో అర్థం కాని ముఖం. ఆమె ముంజేతితో గొట్టాన్ని కొట్టింది.

తుపాకి పలికింది.

మంచె కప్పుకు రంధ్రం పడింది. తడి గడ్డి పొగలు కక్కింది. ఓదెలు వెనక్కి పడి, కట్టె పట్టుకుని ఆగాడు. ఒకవైపు చెంప మీద నల్లని చుక్కలు లేచాయి. చెవి పక్కన జుట్టు కాలిపోయింది. అతను తల తడుముకున్నాడు. తల ఉంది. మళ్లీ తడుముకున్నాడు. తర్వాత నిచ్చెన మెట్లు చూసుకోకుండా దిగి, చేనుకు అడ్డంపడి ఊరి వైపు పరుగెత్తాడు.

మధ్యాహ్నానికి ఊరందరికీ తెలిసింది. హసన్ బీ ఇంటికి వచ్చి తుపాకిని తుడిచింది. ఖాసిం పాత లుంగీలో చుట్టి గోడకు ఆనించింది. రేపు స్టేషన్‌కు తీసుకుపోయి ఇచ్చేయాలని నిశ్చయించుకుంది. ఆ మాట అనుకున్నాక, చాలా రోజుల తర్వాత, ఆమెకు అన్నం సయించింది.

పొద్దు వాలుతుండగా రైతులు వచ్చారు. ఓదెలు చెంపకు పసుపు రాసుకున్నాడు. జనగామ నుంచి తల్లిని తీసుకువచ్చిన నరేశ్ కూడా ఉన్నాడు. గుట్ట దగ్గర చేను ఉన్న సోమనర్సయ్య ముందు నిలబడ్డాడు. హసన్ బీ లుంగీ మూట తెచ్చి వాళ్ల ముందు పెట్టింది.

"తప్పయింది. రేపు స్టేషన్ల ఇచ్చేస్త" అంది.

వాళ్లు తమలో తాము మాట్లాడుకున్నారు. ఆమె ఒక్కొక్కరి ముఖం చూసింది. తల ఒకరు అడ్డంగా ఊపితే ఒకరు నిలువుగా ఊపారు. చివరకు సోమనర్సయ్య ఆమె ముఖం దగ్గరికి వంగి, ఒక్కో మాట విడదీసి గట్టిగా చెప్పాడు.

"కోతలయ్యేదాక ఉండు బీ."

ఆమెకు సరిగా అందలేదేమో అనుకుంది. "ఏంది?"

"లైసెన్స్ నీ ఒక్కదానికే ఉన్నది. నువ్ దిగితె కంకి మిగలది. చప్పుడు కోతులకు వినవడాలె గని, నీకెందుకే?"

ఎవరో నవ్వారు. నవ్వు ఆమెకు కనబడింది.

"ఓదెలూ" అంది ఆమె. "పొద్దుగాల్ల నీ తల పోయేది బిడ్డా."

ఓదెలు చెంప తడుముకున్నాడు. "నా తప్పే. నేను ఎక్కొద్దుండె. ఇగ ఎవ్వడు ఎక్కడు. మేం దూరం ఉంటం."

"బుచ్చవ్వను పంపుండ్రి మరి. చెయ్యెత్తుతది."

నరేశ్ ముందుకు వచ్చాడు. "మా అవ్వను పంప. ఏమనుకోకు చిన్నమ్మా."

వాళ్లు మూటను ఎత్తి ఆమె చేతుల్లో పెట్టి వెళ్లిపోయారు. ఆమె వాకిట్లో నిలబడింది. ఇన్నాళ్లూ ఏది పోతుందని భయపడిందో అది చేతిలోనే ఉంది. ఆ రాత్రి మూట విప్పలేదు. పొద్దున విప్పింది. ఇంట్లో మక్కలు అడుగంటాయి. కూలికి పిలిచే మనిషి లేడు.

దూరం ఉంటామన్న మాటను వాళ్లు నిలబెట్టుకున్నారు. మంచె పక్కనుంచి పోయే బాటను వదిలేసి, వాగు అంచున కొత్త బాట తొక్కారు. గడ్డి కోసే ఆడవాళ్లు చేనుకు అవతలి కొసన వంగుతారు. మంచె వైపు వీపు పెట్టి కూర్చోరు. నరేశ్ భార్య స్రవంతి అన్నం గిన్నె తెచ్చి గట్టు కొసన పెట్టి, దూరంగా పోయాక చేయి ఊపుతుంది. పక్క మంచెను నరేశ్ విప్పేసి కట్టెలు తీసుకుపోయాడు. హసన్ బీ చుట్టూ నేల రోజురోజుకూ ఖాళీ అవుతోంది. మక్కలు మాత్రం ఎత్తుగా పెరిగి, కంకులు గట్టిపడుతున్నాయి.

మనుషులు రాని ఆ నేలను కోతులు గమనించాయి. తుపాకి పలకకుండా ఉండే సమయం పెరిగిందని కూడా గమనించాయి. మొదట్లో ఘోడా పడగానే పారిపోయేవి. ఇప్పుడు ఘోడా పడ్డాక ఆగి చూస్తున్నాయి.

ఈ పొద్దున ఆమె తుపాకి ఎత్తి నొక్కింది. ఘోడా పడింది. భుజానికి ఏమీ తెలియలేదు. టోపీ అణిగి ఉంది. గొట్టం ఆకాశం వైపు ఉంది. ఆమె ఫాతిహా మొదలుపెట్టింది. ముగిసింది. మళ్లీ మొదలుపెట్టింది. అవతలి కొసన ఆడవాళ్లు నడుములెత్తి చూశారు. తర్వాత మెల్లగా ఇంకా వెనక్కి జరిగారు.

పెద్ద మగకోతి గట్టు దిగింది. తొందరపడలేదు. ఒక కంకి విరిచి వాసన చూసి పారేసింది. మంచె కిందికి వచ్చి తల ఎత్తి ఆమెను చూసింది. దాని కళ్లు పసుపు రంగులో ఉన్నాయి. ఆమె ఛీ అంది. కాలితో కట్టెను తన్నింది. అది కదల్లేదు. తుపాకి తిప్పితే గొట్టం కిందికి వస్తుంది. కింద కోతి ఒక్కటే ఉందో, దాని వెనక మక్కల్లో మనిషి ఎవరైనా ఉన్నారో ఆమెకు కనబడదు. ఎవరైనా పిలిచినా ఆమెకు వినబడదు.

కోతి నిచ్చెన మొదటి మెట్టు మీద చేయి వేసింది. తర్వాత కాలు వేసింది. ఆమె తుపాకిని ఇంకా పైకి ఎత్తి పట్టింది.